నూనె డబ్బాల కింద సముద్రం

మా బడిలో సముద్రాన్ని తయారుచేసిన రోజున దానికి ఉప్పు ఇచ్చింది నేనే. వంటగదిలో ఉప్పు డబ్బా నా చేతిలో ఉంటుంది కాబట్టి ఇచ్చాను తప్ప, సముద్రం మీద నాకు ప్రేమ పొంగిపొర్లి కాదు. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ చీర తడిసింది, ఒకసారి చెప్పులు పోయాయి.

మాది నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, హైవే దిగి లోపలికి రావలసిన ఊరు. ఇక్కడి హైస్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ముగ్గురిలో నేనొకదాన్ని. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డు ఒకటి చెబుతుంది, మోకాళ్ళు ఇంకొకటి చెబుతాయి. అక్షరాలు మాత్రం యాభై దాటాకే వచ్చాయి. మా అమ్మాయీ అల్లుడూ జగ్గయ్యపేట మిల్లులో షిఫ్టులు చేస్తారు, వాళ్ళ పిల్ల నా దగ్గర పెరుగుతుంది. అది ఒకటో తరగతిలో చేరినప్పుడు దాని పలక మీదే నేనూ దిద్దుకున్నాను. నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పింది. ఇప్పుడది ఎనిమిదో తరగతి. నేను కాగితం పట్టుకుంటే చాలు, పక్కన నిలబడి గురువులాగా చూస్తుంది.

ఆ ఏడాది సైన్సుకు కొత్త టీచరమ్మ వచ్చింది. బందరు వైపు పిల్ల. ముప్పై కూడా ఉండవు. గట్టిగా మాట్లాడదు, గట్టిగా రాస్తుంది. బోర్డు మీద సుద్ద విరిగిపోతూ ఉంటుంది. ఒకరోజు వంటగది గుమ్మంలోకి వచ్చి, ఖాళీ నూనె డబ్బాలు రెండు కావాలంది.

"దేనికమ్మా, ఇంట్లో మొక్కలకా?"

"కాదమ్మా, పాఠానికి. నదీముఖద్వారం."

అంత పొడుగు మాట నేను రెండు విడతలుగా తప్ప పలకలేను. నది పోయి సముద్రంలో కలిసే చోటట. అంటే మొగ. నా చెల్లెలు ఉండేది అక్కడే. నాట్లు వేయడానికి ముఠాతో కలిసి దివిసీమ పోయిన మనిషి, నాట్లయ్యాక ముఠా తిరిగొచ్చింది గాని తను రాలేదు. పీతలు పట్టే ఒకణ్ణి పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. వాళ్ళు దాన్ని మొగ అంటారు. రెండే అక్షరాలు. పుస్తకాలు రాసేవాళ్ళకు పొట్టి మాటలంటే నామోషీ.

డబ్బాలు ఇచ్చాను. మా వాచ్‌మన్ వాటిని నిలువుగా కోసి తొట్లలాగా చేశాడు. పాఠం సంగతేమిటంటే, ఒక డబ్బాలో గడ్డి ఉన్న నేల పెట్టాలి, రెండో డబ్బాలో గడ్డీ చెట్టూ తీసేసి చదును చేసిన నేల పెట్టాలి. రెంటినీ ఒక పక్క ఇటుక మీద ఎత్తిపెట్టి, చిల్లుల మూత సీసాతో వాన కురిపించాలి. దిగువన చెరొక బేసినులో ఉప్పునీళ్ళు. అదే సముద్రం. పైన మనం నేలను ఏం చేస్తే కింద సముద్రం అంచున ఏమవుతుందో పిల్లలకు కంటికి కనపడాలని.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఆ మట్టి ఎక్కడిదన్న దగ్గర మొదలైంది.

మా ఊరి వాగు పక్కన నాకు పాతిక సెంట్ల నేల ఉంది. మా అమ్మ ఇచ్చింది. పంటకు పనికిరాని వాలు. ఎప్పుడూ గరిక. నా గేదె తప్ప దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఆ పైన ఉన్న పత్తిచేలన్నీ కలిపి నా మేనల్లుడు వెంచరు వేశాడు. చెట్లు పీకించి, గట్లు తోయించి, ఎర్ర గ్రావెల్ రోడ్లు పోయించి, తెల్ల సున్నం రాళ్ళు పాతించి, ముందర ఒక ఆర్చీ కట్టించాడు. ఆర్చీ మీద ఏదో గార్డెన్స్ అని రాయించాడు. లోపల పచ్చనిదంటూ ఉంటే అది ఆ బోర్డు రంగే.

వాడి వెంచరుకూ వాగుకూ మధ్య నా గరిక అడ్డం. అందుకని వాడు నాకు బేరం పెట్టాడు. పార్కు వేయడానికి ఆ పాతిక సెంట్లు వాడికి రాసిస్తే, రోడ్డు మీద ఒక ప్లాటు నాకు రాసిస్తాడు. కార్నర్ బిట్టు. నేను ఉండేది వాడకట్టు పల్లంలో రేకుల ఇంట్లో. గట్టి వాన వస్తే నీళ్ళు మమ్మల్ని అడక్కుండానే ఇంట్లోకి వస్తాయి. స్నానాలకు నాలుగు కర్రలు పాతి గోనె పట్టాలు కట్టుకున్నాం. మనవరాలు పెద్దదవుతోంది. తలుపున్న బాత్రూమ్ కావాలని రెండేళ్ళుగా నా ప్రాణం తోడేస్తోంది. రోడ్డు పక్క జాగా ఉంటే గవర్నమెంటు కాలనీ ఇల్లు రాయించుకోవచ్చు. అందుకని సరేనన్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక కాగితం తెస్తానన్నాడు.

ఆ వారంలోనే ఈ పాఠం.

టీచరమ్మ పిల్లల్ని మట్టి తెమ్మంటే నా మనవరాలు జట్టును వెంటేసుకుని బయల్దేరింది. గడ్డి నేల నా గరికలోంచి తవ్వింది, బోడినేల మేనల్లుడి వెంచరులోంచి తెచ్చింది. బోడినేల డబ్బాలో ఎర్ర గ్రావెల్ పోసి రోడ్లు వేశారు. సుద్దముక్కలు గుచ్చి హద్దురాళ్ళు పెట్టారు. అది చాలక ప్లాట్లు పంచుకోవడం మొదలుపెట్టారు.

"కార్నర్ బిట్టు నాది."

"పోవే. ఈస్ట్ ఫేసింగ్ మేం ముందే అనుకున్నాం."

"నీదాంట్లోకి ఎండ కూడా రాదు, నా బిల్డింగ్ అడ్డం వచ్చిద్ది."

నూనె డబ్బాలో మూరెడు నేల. దాని కోసం జడలు పట్టుకున్నారు. ఊరి గాలి బడి గోడలు దాటి లోపలికి రాకుండా ఎలా ఉంటుంది.

జూలై సగం అయిపోయినా వాన లేదు ఆ ఏడు. ప్రయోగం రోజున వరండాలో బెంచీలు వేశారు. ఫ్యాన్ల సంగతి మాట్లాడ్డానికి మా మేనల్లుడు కూడా వచ్చాడు. తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ వాడే. వచ్చినవాడు తన వెంచరు మట్టి అని విని, కుర్చీ తెప్పించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను ఉప్పు డబ్బాతో ఒక పక్కన నిలబడ్డాను. టీచరమ్మ బేసిన్లలో కల్లుప్పు కలిపించింది. మా చెల్లెలు ఎప్పుడో ఇచ్చిన గవ్వలూ పీతడొప్పలూ మా పిల్ల తెచ్చి రెండు బేసిన్ల అడుగునా పరిచింది.

"ఇప్పుడు చూడండి. బోడినేల మీంచి నీళ్ళు బురదగా, తొందరగా వస్తాయి. గడ్డి నేల మీంచి తేటగా, నెమ్మదిగా వస్తాయి," అని టీచరమ్మ ముందే చెప్పేసి సీసా వంచింది. ముందే చెప్పడం ఆమె చేసిన తప్పు. నేను వంటలో కూడా ఉప్పు చూడకుండా బాగుందని చెప్పను.

వెంచరు డబ్బాలో పోసిన నీళ్ళు పోసినట్టే మాయమయ్యాయి. ఒక సీసా, రెండు సీసాలు. చుక్క బయటికి రాలేదు. గరిక డబ్బాలోంచేమో గోధుమరంగు నీళ్ళు బుడబుడమని వచ్చి బేసినులో పడ్డాయి.

పిల్లలు టీచరమ్మ మొహం చూశారు. టీచరమ్మ పుస్తకం చూసింది. పుస్తకం ఎవర్నీ చూడలేదు.

మేనల్లుడు కుర్చీలోంచి లేచాడు. "మేడమ్ గారూ, చూసారుగా. నా వెంచరు చుక్క బయటికి వదల్లా. మా అత్త గడ్డే బురద కక్కింది. మీ పుస్తకం తిరగేసి పట్టుకున్నారేమో చూసుకోండి."

పిల్లలు విరగబడి నవ్వారు. నా మనవరాలు నవ్వలేదు. గరిక తవ్వి తెచ్చింది అది. టీచరమ్మ సీసా కింద పెట్టింది. అన్నానికి గంట కొట్టారు.

నాకు కారణం తెలుసు. ఈ మట్టిలో కలుపు తీసి, పత్తి ఏరి నడుము వంచుకున్నదాన్ని, తెలియకపోతే సిగ్గుపడాలి. మాది నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది. ఒకసారి నా కొడవలి నెర్రెలో జారిపడితే మోచేయి వరకు చెయ్యి పెట్టినా దొరకలేదు. అలాంటి మట్టి మీద మొదటి వాన పడితే మొత్తం మింగేస్తుంది. రెండు మూడు వానలు తాగి, ఉబ్బి, నెర్రెలు మూసుకున్నాక దాని అసలు బుద్ధి బయటపడుతుంది. అప్పుడు నూనె రాసిన పెనం మీద పోసినట్టే, నీళ్ళు లోపలికి దిగవు, జారిపోతాయి. పోతూపోతూ పైమట్టిని కడుక్కుపోతాయి. ఇక గరిక విషయం. పిల్లలు దుబ్బును చిన్నగా తవ్వి, డబ్బా అంచుల్లో మిగిలిన ఖాళీని పొడిమట్టితో కూరారు. నీళ్ళు ఆ పొడిని కడుక్కుని బయటికి వచ్చాయి. గరికను తాకనే లేదు. టీచరమ్మ ఈ ప్రయోగం ఇంట్లో ముందే చేసి చూసుకుందట. వాళ్ళింట్లో బందరు మట్టితో. ఆ మట్టికీ మా మట్టికీ పలకరింపులు కూడా లేవు.

చెప్పకూడదనే అనుకున్నాను. ఆదివారం కాగితం ఉంది. మేనల్లుడి మొహంలో నవ్వు ఉంది. నాకెందుకు. కానీ టీచరమ్మ కంచంలో పప్పన్నం గట్టిపడిపోతుంటే పుస్తకంలో అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది గాని, జాలి కాదు. చదువుకున్నావిడకు తెలియనిది నాకు తెలుసునన్న గొప్ప. అది ఆపుకోవడం దగ్గు ఆపుకోవడం కంటే కష్టం.

"టీచరమ్మా, పుస్తకంలో తప్పు లేదు. మట్టికి దాహం తీరలా, అంతే," అన్నాను.

"అంటే?"

చెప్పాను. ఆవిడ కంచం పక్కన పెట్టి ఎంగిలి చేత్తోనే రాసుకుంది. నా మాటలు ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. ఆ రోజు చారులో కారం ఎక్కువైందని ఎవరో అన్నా నాకు వినపడలేదు.

సాయంత్రం లోపల గరికను సరిగ్గా తవ్వించాను. డబ్బా కొలతకు ఒకటే పలక, అంచుల్లో ఖాళీ లేకుండా. రెండు డబ్బాలకూ నీళ్ళు పట్టించి, తడి గోనె కప్పి వదిలేశాం. మర్నాటికి వెంచరు మట్టి ఉబ్బి, నెర్రెలు మూసుకుని, పైన నున్నగా మెరుస్తోంది. మేనల్లుడు కూడా వచ్చాడు. నిన్న గెలిచిన మనిషి ఇవాళ రాకుండా ఉంటాడా.

ఈసారి టీచరమ్మ ముందుగా ఏమీ చెప్పలేదు. సీసా నా మనవరాలి చేతికిచ్చింది.

వెంచరు డబ్బాలో పడ్డ నీళ్ళు రోడ్ల వెంట దొర్లి, సుద్దరాళ్ళను పడగొట్టి, ఒక్క పరుగున బేసినులోకి దూకాయి. నలుపూ ఎరుపూ కలిసిన చిక్కటి నీళ్ళు. సీసా అయిపోయిన కాసేపటికే ధార కూడా అయిపోయింది. ఆ తర్వాత ఒక్క బొట్టు లేదు. "కార్నర్ బిట్టు కొట్టుకుపోయిందే," అని ఒక పిల్ల, నిన్న జడ లాగించుకున్న పిల్ల, చాలా సంతోషంగా చెప్పింది. గరిక డబ్బాలోంచి మాత్రం కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక బొట్టు. ఇంకొకటి. పలచటి టీ రంగు. మధ్యాహ్నం నేను గుండిగలు తోముకుంటున్నప్పుడు కూడా టప్పు టప్పుమని పడుతూనే ఉంది.

అయితే నన్ను పట్టుకున్నది డబ్బాలు కాదు, బేసిను.

వెంచరు బురద ఉప్పునీళ్ళలో పడ్డాక చాలాసేపు కలకబారి ఉంది. నేను గరిటె కడిగి వచ్చి చూసేసరికి, పాలు విరిగినట్టు పలుకులు కట్టింది. పలుకులు మెల్లగా కిందికి దిగాయి. మా అమ్మ కాలంలో వానాకాలం నీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళం. బురద ఇలాగే అడుగుకు పోయేది, పైన తేట నీళ్ళు ముంచుకునేవాళ్ళం. టీచరమ్మ అదే బురదను మంచినీళ్ళ గ్లాసులో కూడా పోసి పక్కన పెట్టింది. అది మరునాటికి కూడా తేరుకోలేదు. ఉప్పు తగిలితేనే మట్టి అక్కడికక్కడ దిగుతుంది. అంటే పైనుంచి ఎంత దూరం మోసుకొచ్చినా, నది దాన్ని దింపేది సరిగ్గా ఉప్పునీళ్ళు ఎదురైన చోట. మొగలో.

కుండలో అయితే అడుగున పేరుకున్నది పారబోసేవాళ్ళం. బేసిను అడుగున గవ్వలున్నాయి. కనపడటం లేదు. పీతడొప్ప ఒకటి అంచు మాత్రం కనపడింది, కాసేపటికి అదీ పోయింది.

ఎండాకాలంలో నా చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, ముందు మాదిరి పీతలు లేవే. నీళ్ళు వస్తే ఒక్కసారే మీద పడతన్నాయి, లేకపోతే నెలలు నెలలు చుక్క రాదు. వచ్చినప్పుడు బురద తెచ్చి బొరియల్లో కూరతన్నాయి. మడచెట్ల కింద చెయ్యి పెడితే ఉత్త అడుసు."

నేను దానికి చెప్పిన ఓదార్పు ఇది: "అంత సముద్రానికి మా ఊరి మట్టి అడ్డమొచ్చిందా? మీ ఆయన పొద్దున్నే లేవడం మానేసుంటాడు. పీతల్ని అనమాక."

అది ఫోన్ పెట్టేసింది. నెల రోజులు మాట్లాడలేదు. ఆ బేసిను ముందు నిలబడి ఆ మాట గుర్తు తెచ్చుకున్నాను. మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, పొద్దున నాలుగింటికే లేస్తాడు. ఆ సంగతి నాకు తెలిసే అన్నాను.

మేనల్లుడు ఊరికే ఓడిపోయే రకం కాదు. "మేడమ్ గారూ, ఇక్కడి మట్టి సముద్రం దాకా ఎట్టా పోయిద్దండి? వాగు మునేరులో కలవాలి, మునేరు చందర్లపాడు దిగువన కృష్ణలో కలవాలి, బెజవాడలో బ్యారేజీ ఉంది. అక్కడ ఆగిద్దిగా."

"కొంత ఆగుతుందండి. వరదకు గేట్లు ఎత్తినప్పుడు ఆగదు కదండి."

"సరే, అది చేను అయినప్పుడు దున్నలేదా మేమంతా? మందులు కొట్టలేదా? అప్పుడు పోలేదా బురద?"

అది మంచి ప్రశ్న. టీచరమ్మ కూడా మంచిదని ఒప్పుకుంది. "పోయిందండి. అసలు నదికి బురద తప్పు కాదు. మా వైపు నేలంతా ఈ నదులు తెచ్చి వేసిందే. మెల్లగా తెస్తే ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు పట్టుకుని నేల కట్టుకుంటాయి. ఒక్క ఊపున తెచ్చి పోస్తే ఊపిరాడదు. చేనుకు గట్లుండేవి, ఆపేవి. మీరు గట్లు తీసేసారు. రేపు ఇళ్ళు వచ్చాక నేల తాగేది కూడా ఉండదు. దాంతోపాటు డ్రైనేజీ, ఆయిలు."

"అయితే జనం ఇళ్ళు కట్టుకోకూడదా?"

"ఆ మాట నేనన్లేదండి."

వాడు నా వైపు తిరిగాడు. "ఏందత్తా, మట్టి తడపమంది నువ్వేనంటగా. ఇంటి దొంగవే నువ్వు. ఆదివారం మాత్రం మర్చిపోకు." నవ్వుతూనే అన్నాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది నేనే. ఇప్పుడు వాడికి తుడుచుకోవడానికి కారులో టిష్యూ డబ్బా ఉంది.

శనివారమంతా నా తల నూనె డబ్బాలాగే ఉంది. ఒక పక్కనుంచి కార్నర్ బిట్టు, ఇంకో పక్కనుంచి బేసిను. చివరికి మనవరాల్ని అడిగాను.

"ఏం చేద్దామే?"

"నన్నడక్కు. నాకు బాత్రూమ్ కావాలి."

"మరి నువ్వేగా బేసినులో గవ్వలు వేసింది."

"అది పాఠం, అమ్మమ్మా. ఇది ఇల్లు."

దాన్ని తిట్టడానికి నోరు రాలేదు. రెండూ వేరనుకునే కదా నేను కూడా అరవై ఏళ్ళు గడిపింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక మేనల్లుడు కాగితంతో వచ్చాడు. మంచం మీద కూర్చుని పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు.

"ఇక్కడ, ఇక్కడ. రెండు చోట్ల సంతకం, అత్తా."

"ఆగు, చదువుతా."

"చదవడానికి ఏముందే? నేను చెప్పానుగా."

"నువ్వు చెప్పింది విన్నా. ఇది రాసింది చూస్తా."

నేను చదివితే ఒక పేజీకి ఎంతసేపు పడుతుందో వాడికి తెలియదు పాపం. మనవరాలు టీ పెట్టింది. వాడు టీ తాగాడు. ఫోన్ మాట్లాడాడు. గేదెను చూసి వచ్చాడు. మూడో పేరాలో నాకు ఒక మాట తగిలింది. నా పాతిక సెంట్లలో వెంచరు వాననీరూ వాడకం నీరూ వాగులోకి పోవడానికి సిమెంటు కాలువ కడతారట.

"ఇదేందిరా? పార్కు వేస్తానంటివి."

"పార్కు పక్కన కాలువ."

"కాలువ పక్కన పార్కెక్కడుందీ? కనపళ్ళా నాకు."

"కాగితంలో అన్నీ రాస్తారా అత్తా? నీళ్ళకు దారి లేకపోతే పర్మిషన్ ఇయ్యరు. ఎటోకటు పోవాలిగా."

"పోవాలి. నా గరికను తీసేసి దాని మీంచి పోవాల్నా?"

వాడు పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. "అత్తా, నేను తిన్నగా అడుగుతా. ఎక్కడో పీతలు బతకాలని నువ్వు ఇక్కడ గోనె పట్టాల చాటున నీళ్ళు పోసుకుంటావా?"

"పోసుకుంటా. నలభై ఏళ్ళ నుంచి పోసుకుంటన్నా. ఒక్కడు తొంగి చూసాడు, వాడికి ఇప్పటికీ ఎడమ కన్ను సరిగా ఆనదు."

నవ్వుదామనుకుని నవ్వలేకపోయాడు. "ఆ పీతలు నీకేమైనా చుట్టాలా?"

"పీతలు కావు. పట్టేది నా చెల్లెలు."

అప్పుడు వాడు పెన్ను మూత పెట్టేశాడు. దాని చంక కూడా చిన్నప్పుడు ఎక్కాడు వాడు. నేనొక దారి చెప్పాను. ఆ కార్నర్ బిట్టు నాకివ్వొద్దు, దాంట్లో ఒక గుంట తవ్వించు. నీళ్ళు అందులో నిలబడి, బురద అక్కడే దిగి, తేటనీళ్ళు నా గరిక మీదుగా వాగులోకి పోతాయి. రాతకోత లేకుండా ఊరికే పోనిస్తానన్నాను.

"కార్నర్ బిట్టులో గుంటా? ఆర్చీ పక్కనే? కొనేవాడు వచ్చి ఏందిది అంటే దోమల పార్కని చెప్పనా?"

"చెప్పు. ఎట్టాగూ పార్కు వేస్తానన్నావుగా."

వాడు లేచి వెళ్ళిపోయాడు. కాగితం తీసుకెళ్ళాడు. టీ గ్లాసు మాత్రం ఎప్పుడూ చేసినట్టే తొట్టి దగ్గర పెట్టి వెళ్ళాడు. మనవరాలు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం తింది, రెండోసారి కూడా వడ్డించుకుంది.

నేనేదో వాగును కాపాడానని చదివేవాళ్ళు అనుకుంటే నేను ఇంత రాయడం దండగ. మేనల్లుడు పక్క చేనాయన దగ్గర దారి తీసుకున్నాడు. నా గరిక అంచు దాటగానే తూములు వేసి, వెంచరు నీళ్ళన్నీ వాగులోకి తిప్పాడు. ప్లాటు నాకు పోయింది. బురద వాగుకు పోయింది. ఆగస్టులో వాన పట్టుకున్నాక టీచరమ్మ పిల్లల్ని తీసుకెళ్ళి చూపించింది. తూము ఎర్రగా కక్కుతోంది. దాని పక్కన నా పాతిక సెంట్ల అంచున టీ రంగు నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. రెండూ పది బారల దూరంలో ఒకే వాగులో కలిసిపోతున్నాయి. కలిశాక ఏది నాదో ఏది వాడిదో ఎవరు చెప్పగలరు.

చెల్లెలికి ఫోన్ చేశాను. ఎండాకాలంలో అన్న మాటకు ముందు తప్పు ఒప్పుకున్నాను. అది కాసేపు ముక్కు చీదింది. తర్వాత జరిగిందంతా చెప్పాను. అది విని పకపకా నవ్వింది.

"పాతిక సెంట్ల గరిక పెట్టి మా మొగను ఆదుకుంటావా అక్కా? ఇల్లు పోగొట్టుకున్నావు గదే పిచ్చిదానా."

"ఆదుకుంటానని ఎవరన్నారే? మట్టి వస్తే రానీ. నా సంతకంతో రాకూడదు, అంతే."

అది నవ్వడం ఆపింది. "మా ఆయన పక్కనే ఉన్నాడు. నువ్వన్నది చెప్తే ఆయన నమ్మట్లేదు. మళ్ళీ చెప్పు, స్పీకర్లో పెడతా," అంది. మళ్ళీ చెప్పాను. అవతల మరిది గొంతు సవరించుకున్నాడు. ఆయన మామూలుగానే నాతో మాట్లాడడు. ఆయన్ని సోమరి అన్న సంగతి చెల్లెలు చెప్పే ఉంటుంది.

ఆ నెలాఖరున మేనల్లుడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. నెల తర్వాత అదే రావడం.

"అత్తా, మూడో నంబరు రోడ్డు అంచు జారిపోయింది. కంకర పోస్తే కంకరా పోతంది. ఆ పోయేదంతా పోయి తూముల్లో కూరుకుంది."

"అయితే?"

"ఇంజినీరు గడ్డి వేయమన్నాడు. నర్సరీలో లాన్ గడ్డి తెస్తే కుళ్ళిపోయింది." కాసేపు నేల చూశాడు. "నాలుగు గరిక దుబ్బులు ఇస్తావా?"

నాకు చాలా మాటలు నోటి దాకా వచ్చాయి. కొన్ని చాలా బాగున్నాయి కూడా. కానీ వాడు చేతిలో పలుగు పట్టుకుని వచ్చాడు, గరికను పలుగుతో తవ్వుతారనుకుని. ఆ పలుగు చూశాక తిట్టడానికి మనసు రాలేదు.

"వాగు వైపు ముట్టుకోమాక. పైవైపు తీసుకో. తీసిన చోట మళ్ళీ నువ్వే దుబ్బులు పెట్టి పోవాలి," అన్నాను. వాడు తలూపాడు. మనవరాలూ నేనూ వాడి వెంట వాగు పక్కకు నడిచాం. మొదటి దుబ్బును వేర్లు తెగేట్టు పైకి లాగి, చేతిలో మట్టి రాలిపోతుంటే నా వైపు చూశాడు. పలుగు తీసి పక్కన పడేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పార తెమ్మని మనవరాల్ని కేకేశాను.